గేటు నుంచి గుమ్మం దాకా

మొన్న వానకి అమ్మ బురదలో కాలు జారి గోడ పట్టుకుని ఆగింది, ఆ రోజే ఫిక్సయిపోయా గేటు నుంచి గుమ్మం దాకా కాంక్రీటు దారి వేయించాల్సిందే అని. 30 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంతేగా అనుకున్నా. ముగ్గురు మేస్త్రీల్ని పిలిస్తే మూడు లెక్కలు. ఒకాయన టేపు కూడా తీయకుండా అడుగులేసి కొలిచి "మొత్తం నాకొదిలేయండి సార్" అన్నాడు, మందం ఎంత వేస్తారండీ అంటే "మీరెంతంటే అంత" అంట. ఇంకొకాయన రేటు బాగా తక్కువ చెప్పాడు, గట్టిగా అడిగితే మందం 2 అంగుళాలేనట, రోజూ స్కూటీ ఎక్కే దారికి 2 అంగుళాలేంటి బాబూ!

మూడో ఆయన పెద్దాయన, ఎక్కువ మాట్లాడలేదు. సన్న పైపులో నీళ్ళు పోసి ఒక కొస నన్ను పట్టుకోమని లెవెల్ చూశాడు, గుమ్మం వైపు పల్లం ఉంది, ఇలాగే పోస్తే వాననీళ్ళు మీ హాల్లోకే అన్నాడు. మట్టి దిమ్మిస కొట్టి 4 అంగుళాల మందం, నీళ్ళు పోయేలా మందార చెట్టు వైపు ఒక అంగుళం వాలు, పగుళ్ళు రాకుండా 4 అడుగులకో జాయింటు. ఒక పాలు సిమెంటు, పాలున్నర ఇసుక, మూడు పాళ్ళు 20 ఎంఎం కంకర, తొమ్మిది బస్తాలు పడతాయన్నాడు, ఇంటికొచ్చి నేనూ లెక్కేస్తే కరెక్టే. రేటు కొంచెం ఎక్కువైనా ఆయనకే ఇచ్చా, అడ్వాన్సు కొంచెమే, మిగతాది పనయ్యాక అని కాగితం మీద రాసుకున్నాం.

పోసాక గోనె సంచులు పరిచి వారం తడపాలంట, ఆ డ్యూటీ నాన్నది. మందార కొమ్మ ఒక్కటి కూడా కొట్టనివ్వనని అమ్మ ఇప్పట్నుంచే పేచీ.