నగ్గర్‌లో సిమెంటు లేని గోడలు

మనాలీలో మేము దిగిన హోటల్ తనను తాను పర్వత విడిదిగా ప్రచారం చేసుకుంది. గది అద్దె ఆరు వేలు, హీటరుకు ఐదు వందలు అదనం. హీటరు అద్దెకు ఎందుకిస్తారో రాత్రికి అర్థమైంది. నది కనిపించాలని ఒక పక్క గోడంతా గాజుతో కట్టారు. చీకటి పడ్డాక నది ఎలాగూ కనిపించదు, చలి మాత్రం తెల్లవార్లూ ఆ గాజు మీదుగా గదిలోకి దిగుతూనే ఉంది. పొద్దున బయటకు వచ్చి చూస్తే భవనం వెనక కొండను నిలువునా కోసేశారు. ఆ కోతకు ఆనించి కట్టిన కాంక్రీటు గోడలో వాననీరు బయటకు పోవడానికి ఒక్క గొట్టమైనా కనిపించలేదు. ముందు వైపు కాంక్రీటు స్తంభాలకు చెక్క పలకలు అతికించి, దానికి హిమాచల్ సంప్రదాయమని పేరు పెట్టారు. 2023 జులైలో బియాస్ నది పొంగి ఇదే లోయలో రోడ్లను, భవనాలను ఊడ్చుకుపోయింది. ఆ మరుసటి నెలలో కుల్లూ జిల్లాలోని ఆనీలో బహుళ అంతస్తుల భవనాలు చూస్తుండగానే కూలిపోయాయి. ఇంత జరిగాక కూడా ఇలా కడుతున్నారంటే నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇంకో రాత్రి అక్కడ ఉండాలనిపించలేదు. అదే లోయలో ఉన్న నగ్గర్ అనే ఊరికి టాక్సీ పన్నెండు వందలన్నారు. ఇరవై కిలోమీటర్ల దూరానికి అంత ఇవ్వడం ఇష్టం లేక, ఎడమ గట్టు రోడ్డున వెళ్లే బస్సెక్కాం. అక్టోబరు చివరి రోజులు. యాపిల్ కోతలు ముగిసి తోటలు ఖాళీగా ఉన్నాయి, పలకరాతి కప్పుల మీద మొక్కజొన్న కంకులు ఎండుతున్నాయి. నా భార్యకు కిటికీ పక్క సీటు దొరకడంతో, హోటల్ మీద కోపం నాకంటే తనకే ముందు తగ్గింది.

నగ్గర్ కోట గురించి ఎక్కువ చెప్పను. కుల్లూ రాజులది, ఇప్పుడు ప్రభుత్వ పర్యాటక సంస్థ హోటల్‌గా నడుపుతోంది. మనాలీ వెళ్లిన మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపం దాదాపు ఇరవై వేల మందిని బలి తీసుకుంది. అంతటి కుదుపును తట్టుకుని ఈ కోట నిలబడింది. ఎలా నిలబడిందో కోటలో ఏ బోర్డూ చెప్పలేదు. మేము బస చేసిన ఇంటి పెద్దాయన చెప్పారు.

ఆయన ఇల్లు ఊరికి పైన, దేవదారు చెట్ల అంచున ఉంది. సాయంత్రం వేడి వేడి సిడ్డూ (ఆవిరి మీద ఉడికించే గోధుమ రొట్టె) మీద నెయ్యి పోసి పెట్టి, నేను గోడను తడిమి చూడటం గమనించి తానే మాట కలిపారు. ఆ ఇంటిదీ కోటదీ ఒకే రకం కట్టుబడి, దాన్ని అక్కడ కాఠ్‌కుణి అంటారు. రెండు దేవదారు దూలాలను సమాంతరంగా పరిచి మధ్య సందును రాళ్లతో నింపుతారు. దాని మీద ఒక రాతి వరస, ఆపైన మళ్లీ దూలాలు. మూలల దగ్గర దూలాలు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, వాటిని చెక్క మేకులతో బిగిస్తారు. సిమెంటు లేదు, సున్నం లేదు. కింది వరసల్లో రాయి ఎక్కువ, పైకి పోయేకొద్దీ కలప ఎక్కువ. అందువల్ల బరువంతా కిందనే ఉంటుంది.

"భూమి ఊగితే రాళ్లు కాస్త కదిలి మళ్లీ సర్దుకుంటాయి, బేటా. సిమెంటు గోడ కదలలేదు కాబట్టి పగులుతుంది" అన్నారాయన.

మమ్మల్ని టార్చిలైటుతో ఇల్లంతా తిప్పి చూపించారు. నేల మీద ఎత్తైన రాతి అరుగు కట్టారు, మంచూ తడీ దూలాలను తాకకుండా. కింది అంతస్తులో రెండు ఆవులు. వాటి ఒంటి వెచ్చదనం చెక్క నేల గుండా పైకి వస్తుంది. మనుషులు ఉండేది పై అంతస్తులో. కిటికీలు చిన్నవి. ఎండ కాచుకోవడానికి బయటకు పొడుచుకొచ్చిన చెక్క వసారా ఉంది. కొండ దృశ్యం చూడాలంటే అక్కడికి వచ్చి కూర్చోవాలి. ఆ రాత్రి మేము హీటరు లేకుండా నిద్రపోయాం.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంటి కొలత. ఆ వాలులో సహజంగా ఉన్న చదును ఎంతో ఇల్లూ అంతే. కొడుకు గది కట్టాలనుకున్నప్పుడు పాత ఇంటిని పెంచకుండా, కింది మెట్టులో వేరే చిన్న కట్టడం కట్టారట. అయితే దానికి వాడింది సిమెంటే. అడవి నుంచి ఇంటి కలప తెచ్చుకునే హక్కు ఇప్పుడు చాలా నిబంధనల మధ్య ఉందని, దేవదారును బయట కొనే స్తోమతు తమకు లేదని ఆయన బాధపడ్డారు. చెట్లు నరికే కొద్దీ కొండ జారుతుంది కాబట్టి ఆ నిబంధనలను తప్పుపట్టలేను. ఆయన బాధనూ తీసిపారేయలేను.

అక్కడున్నంతసేపూ నా మనసు వికారాబాద్ మీదే ఉంది. అక్కా బావా అనంతగిరి కొండల దగ్గర వాలుగా ఉన్న స్థలం కొన్నారు. హైదరాబాద్ నుంచి వారాంతాల్లో వెళ్లి ఉండటానికి ఇల్లు కట్టాలని ప్రయత్నం. బావ ముందుగా జేసీబీ మాట్లాడారు, స్థలమంతా చదును చేయించడానికి. అక్కడున్న పెద్ద బండను కూడా పగలగొట్టిస్తానన్నారు. హోటల్ వెనక చూసిన ఆ కోత నా కళ్ల ముందు మెదిలి, వసారాలోంచే ఫోను చేశాను.

కాఠ్‌కుణి ఇల్లు కట్టమని చెప్పలేదు. అనంతగిరిలో సమస్య చలి కాదు, ఏప్రిల్ ఎండ. దేవదారును అంత దూరం మోసుకురావడంలో అర్థం లేదు. అదే జిల్లాలో తాండూరు బండ దొరుకుతుంది, నేలకు అది చాలు. పడమర వైపు కిటికీలు తగ్గించి లోతైన వసారా వేస్తే గది చల్లబడుతుంది. ఇంటిని మూడు మట్టాలుగా విడగొట్టి వాలు వెంట దించితే తవ్వకం బాగా తగ్గుతుంది. బండను పగలగొట్టకుండా వసారాలోకి కలుపుకోవచ్చు.

"బావా, ఈ వానాకాలం స్థలంలో నీళ్లు ఎటు పారాయో చూశారా?" అని అడిగాను.

బావ అటువైపు వెళ్లలేదట. అక్క ఫోను తీసుకుంది. ఆగస్టులో ఒకసారి వెళ్లినప్పుడు నీళ్లు వేపచెట్టు పక్కనుంచి వచ్చి, సరిగ్గా గృహప్రవేశానికి ముగ్గులు ఎక్కడ వేయాలనుకుందో అక్కడి మీదుగా పారాయని చెప్పింది. ఆ దారికి అడ్డం రాకుండా ఇంటిని బండ వైపు జరపాలని తనే నిర్ణయించింది. జేసీబీ అతనికి ఇచ్చిన బయానా తిరిగి రాదని బావ గట్టిగా అన్నారు. బయానా పోతే పోనీ, చదును చేయించవద్దని అక్క అంతకంటే గట్టిగా చెప్పింది. నేను తిరిగి వచ్చాక వచ్చే ఆదివారం ముగ్గురం స్థలానికి వెళ్లి, నీటి దారి పొడవునా మేకులు పాతి తాడు కట్టాలని అనుకున్నాం. ఇంటి గీత ఆ తరువాతే గీస్తాం.