పొరల పటం ఆఖరున పెట్టాను

వాతావరణం పాఠం అనగానే ముందుగా గోడకెక్కేది రంగురంగుల పొరల పటం. ట్రోపో, స్ట్రాటో, మీసో, థర్మో, ఎక్సో అంటూ పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. గాలికి బరువు ఉంటుందా అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే ఈసారి ఏడో తరగతికి పాఠాన్ని తలకిందులు చేశాను. బరువు మొదట, పొరలు ఆఖరున.

బరువు చూపించడానికి ఒక ఫుట్‌బాల్, సైకిల్ పంపు, గ్రాములు చూపే డిజిటల్ త్రాసు చాలు. ఇందులో ఒక మెలిక ఉంది. బంతిని పూర్తిగా చప్పబరిచి తూచకూడదు. గుండ్రంగానే ఉండాలి, వేలితో నొక్కితే మెత్తగా దిగాలి. అప్పుడొకసారి తూచి, రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టి మళ్లీ తూచాం. నాలుగైదు గ్రాములు పెరిగింది. వెనక బెంచీలో ఒక అమ్మాయి చేయెత్తింది. "టీచర్, మెత్తగా ఉన్నప్పుడు కూడా లోపల గాలి ఉంది కదా. దాని బరువు ఏమైంది?"

ఈ ప్రశ్న కోసమే ఈ ప్రయోగం చేస్తాను. చుట్టూ ఉన్న గాలి బంతిని పైకి నెడుతూ ఉంటుంది. లోపలి గాలి, బయటి గాలి ఒకే చిక్కదనంలో ఉన్నంతసేపు ఆ తోపు, లోపలి గాలి బరువు సరికి సరి. పంపుతో అదనంగా కూరిన గాలే త్రాసుకు తెలుస్తుంది. ఇంత చెప్పినా సగం మంది మొహాల్లో అనుమానం పోలేదు. మర్నాడు పాలిథిన్ సంచి నిండా నీళ్లు పోసి, మూతి కట్టి, బకెట్ నీళ్లలో ముంచి పట్టుకోమన్నాను. చేతికి బరువే తెలియలేదు. బయటికి ఎత్తేసరికి తెలిసింది. ఆ తర్వాత నేను మాట్లాడాల్సిన పని పడలేదు.

ఇక లెక్క. టేపు పెట్టి గది కొలిచారు. పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3. మొత్తం 144 ఘనపు మీటర్లు. నేల దగ్గర ఒక్కో ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది కాబట్టి గదిలో ఉన్న గాలి 170 కిలోల పైమాటే. నలుగురు పిల్లల బరువు! నమ్మనివాళ్లు మళ్లీ గుణించారు.

బరువు ఉందన్నాక ఒత్తిడి దానంతట అదే వస్తుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు. అరచేతి మీద ఎంతో వాళ్లే లెక్కకట్టి బెదిరిపోయారు. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలో రెండు చెంచాల నీళ్లు పోసి, ఆవిరి ధారగా వచ్చేదాకా కాచి, పట్టకారుతో ఎత్తి చన్నీళ్లలో బోర్లించాను. (ఇది పిల్లల చేతికి ఇచ్చే పని కాదు.) టప్పున నలిగిపోయింది. "నీళ్లు లాగేశాయి టీచర్" అన్నారు చాలామంది. లోపలి ఆవిరి చల్లబడి నీరైపోయింది, లోపల నెట్టేవాళ్లు లేరు, బయటి గాలి మాత్రం నెడుతూనే ఉంది. ఎవరు నెట్టారో చెప్పకుండా జవాబు ముగించకూడదని అప్పటికప్పుడు నియమం పెట్టాను.

కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించి, నీరు అయిదో వంతు ఎక్కింది కాబట్టి గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు అని తేల్చే ప్రయోగం నేను చేయను. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. నీరు ఎక్కువగా ఎక్కేది ఆ తర్వాత, లోపలి గాలి చల్లబడినప్పుడు. సరైన అంకెకు తప్పుడు కారణం చెప్పడం కన్నా గ్రాఫ్ కాగితం నయం. పది సెంటీమీటర్ల చదరంలో సరిగ్గా 10,000 చిన్న గడులు ఉంటాయి. తేమ లేని గాలిలో నత్రజనికి 7,808, ఆక్సిజన్‌కు 2,095, ఆర్గాన్‌కు 93. కార్బన్ డయాక్సైడ్‌కు మిగిలేవి నాలుగంటే నాలుగు. 1750 ప్రాంతంలో అవి మూడు కూడా నిండవు. "ఒక్క గడికే ఇంత గొడవా?" అన్నాడొకడు. నేల వదిలే వేడిని నత్రజని, ఆక్సిజన్ దాదాపు పట్టించుకోవని, పట్టి ఉంచే వాటిలో ఈ నాలుగు గడులూ ఉన్నాయని చెప్పాక ఊరుకున్నాడు.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుందని చెప్పడానికి 1648 నాటి కథ ఉంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే గాలి ఒత్తిడిని కొలిచే పాదరసం గొట్టాన్ని ఫ్రాన్స్‌లోని పుయ్ ద డోమ్ కొండ మీదికి మోసుకెళ్లాడు. పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగింది. మొత్తం గాలిలో సగం 5.5 కిలోమీటర్ల లోపే ఉందంటే పిల్లలు ఆ తర్వాత ఆశ్చర్యపోలేదు.

అప్పుడు గానీ పొరల జోలికి పోలేదు, అదీ పేర్లతో కాదు. నేల దగ్గర 15 డిగ్రీలు, 11 కిలోమీటర్ల ఎత్తులో మైనస్ 56, 20 దాకా అంతే, 50 దగ్గర మైనస్ 2, 85 దగ్గర మైనస్ 86. ఈ అంకెలిచ్చి గీత గీయమన్నాను. గీత వంకర తిరిగిన చోట్లే పొరల సరిహద్దులని వాళ్లకే తోచింది. 50 దగ్గర వెచ్చబడటానికి కారణం సూర్యుడికి దగ్గర కావడమే అన్నారు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే 50 కిలోమీటర్లు ఏ లెక్కలోకి వస్తాయి? అక్కడ వేడి పుట్టించేది అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే ఓజోన్. 11 దగ్గర చలి పెరగడం ఆగిపోతుందని 1902లో ప్రకటించిన ఫ్రెంచ్ వాతావరణ శాస్త్రవేత్త తెయిసెరాంక్ ద బోర్ కూడా తన అంకెలను సులువుగా నమ్మలేదు. ఎండకు థర్మామీటరు వేడెక్కుతోందేమోనని బెలూన్లను రాత్రిపూట కూడా ఎగరేసి చూశాడు.

పటం చివరికి గోడకెక్కింది, పొరలను అంత మందంగా గీయడంలోని అబద్ధం చూపించడానికి. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద 100 కిలోమీటర్ల ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు.

పరీక్షలో పొరల పేర్లు అడగలేదు. 11 కిలోమీటర్ల ఎత్తులో విమానం కిటికీకి రంధ్రం పడితే గాలి ఎటు నుంచి ఎటు పోతుంది, ఎందుకు అని అడిగాను. బయటి ఖాళీ లాగేస్తుందని రాసినవాళ్లకు సగం మార్కులే. ఒకడు మాత్రం జవాబు రాయకుండా, కిటికీలో ముందే ఒక చిన్న రంధ్రం ఉంటుంది, తను చూశాను అని రాశాడు. నిజమే. లోపలి గాలి ఒత్తిడిని బయటి అద్దమే మోసేలా మధ్య అద్దానికి ఆ రంధ్రం పెడతారు. వాడికి పూర్తి మార్కులు వేశాను.