ఎర్ర సిరా సున్నా చుట్టిన మాట

ఎనిమిదో తరగతి పరీక్షలో ‘మా ఇంటి పని’ అని వ్యాసం రాయమన్నారు. మాది చాకలి ఇల్లు. రాయడానికి నాకేం కొదవ? మా అవ్వ తెల్లారకముందే సౌడు మట్టి కలిపి ఉబ్బ పెడుతుందని, అంటే బట్టలను ఆవిరి మీద ఉడికిస్తుందని, బాపు ఊరంతా తిరిగి మూటలు తెస్తాడని, పొద్దుమీకి అందరం కూర్చుని బట్టలు మడత పెడతామని రెండు పేజీలు నింపేశాను. పేపరు చేతికొచ్చేసరికి అంతా ఎర్ర సిరా. అవ్వ కొట్టేసి అమ్మ, బాపు కొట్టేసి నాన్న, పొద్దుమీకి కొట్టేసి సాయంత్రం. ‘ఉబ్బ’ చుట్టూ మాత్రం సున్నా చుట్టి వదిలేశారు. దాని బదులు ఏం రాయాలో దిద్దినాయనకూ తోచలేదేమో! పదికి మూడు మార్కులు. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆనాటి నుంచి బడిలో అవ్వ అనడం మానేశాను.

తొమ్మిదిలోకి వచ్చాక కొత్త తెలుగు సారు వచ్చారు. పేరు రాస్తే కోప్పడే మనిషి, అందుకే రాయడం లేదు. మొదటి వారమే, తెలుగు వాచకంలో లేని మాటలు ఇంటి నుంచి తలా అయిదు పట్టుకు రమ్మన్నారు. అంగి వచ్చింది, సల్ల వచ్చింది, తొక్కు, మక్కలు వచ్చాయి. ఒకమ్మాయి ‘ఇగురం’ తెచ్చింది. దీన్ని పుస్తకం మాటలో చెప్పమన్నారు సారు. నేర్పు అన్నారొకరు, పొదుపు అన్నారొకరు, ఒద్దిక అన్నారింకొకరు. “మూడు కలిపినా సగమే అయిందిరా” అని నవ్వి రిజిస్టర్‌లో రాసుకున్నారు.

ఇప్పుడిది వింతగా అనిపించదు. ప్రజాకవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బడి పలుకుల భాష కాదు, జనం పలుకుబడిలో ఉన్న భాష కావాలని ఆయన ఎన్నడో అన్నారు. అయితే సభలో ఆ మాటకు చప్పట్లు కొట్టడం వేరు, సొంత పిల్లల నోట్ బుక్కులో ‘సల్ల’ కనబడితే ఊరుకోవడం వేరు. అప్పట్లో “టెన్త్‌లో గిట్ల రాస్తే మార్కులెవరేస్తరు సార్?” అని ఇద్దరు ముగ్గురు తండ్రులు వచ్చి నిలదీశారు. పరీక్షలో మజ్జిగ అనే రాయిస్తానని, ఇంట్లో సల్ల అనడం తప్పు కాదని మాత్రం చెప్తానని సారు వాళ్లకు నచ్చజెప్పారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ సగమే నచ్చుతుంది. తప్పు కాని మాటను పరీక్షలో ఎందుకు దాచాలి? కానీ నౌకరీ చేసుకునే మనిషి అంతకన్నా ఏం అనగలడు.

1986 జనవరిలో మమ్మల్ని పాలకుర్తి తీసుకుపోయారు. గుట్ట కింద చెట్టు నీడన సద్దులు విప్పాక ఆ ఊరి పాతకాలపు కవి పాల్కురికి సోమనాథుడి సంగతి ఎత్తారు. పండితులు సంస్కృతం కలిపిన పద్యాలకు పెద్దపీట వేసే కాలంలో ఆయన జనం నోట ఆడే ద్విపదలో, జాను తెనుగులో, అంటే తేట తెలుగులో, బసవపురాణం రాశాడట. తెలుగు మాటలే కదా అని చిన్నచూపు చూడొద్దు, వేదాలతో సమానంగా ఎంచమన్నాడట. అందులో మడివాలు మాచయ్య అనే భక్తుడున్నాడు, బట్టలు ఉతికేవాడు, బిజ్జల రాజుకు కూడా తల వంచలేదు అని సారు చెబుతుంటే నేను అన్నం కలపడం ఆపేశాను. పురాణంలో చాకలి ఉంటాడని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మరి. తిరుగుదారిలో చాకలి ఐలమ్మ కథ. దొర మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లతో కలిసి ఎదురు నిలిచిన ఆమెదీ ఆ ఊరే, మా కులమే. ఆమె పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఆ తర్వాత నెలలోనే అనుకుంటాను, సారు మా ఇంటికి వచ్చి అవ్వను బడికి రమ్మన్నారు. నాకు ఒకటే టెన్షన్. నేనేం తప్పు చేశానోనని అవ్వకు అంతకన్నా ఎక్కువ. కడిగిన చీర కట్టుకుని వచ్చి గడప దగ్గరే నిలబడింది. సారు తన కుర్చీ చూపించి “కూసోండమ్మా” అంటే కూర్చోలేదు. సారు ఆ కుర్చీ అట్లాగే వదిలేసి, వచ్చి మా బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. ఉబ్బ ఎట్లా పెడతారో చెప్పమన్నారు. మొదట గొంతు పెగల్లేదు. మెల్లగా సౌడు నీళ్లలో ఎంతసేపు నానబెట్టాలి, బాన మీద బట్టలు ఎట్లా పేర్చాలి, ఆవిరి పైదాకా ఎక్కిందని వాసనను బట్టి ఎట్లా తెలుస్తుంది, అన్నీ చెప్పుకుపోయింది. ఆమె చెప్పే ప్రతి మాటా సారు రిజిస్టర్‌లో ఎక్కించుకుంటున్నారు. ‘ఉబ్బ’ అని రాసి, కింద గీత గీసి, నా వైపు జరిపారు.

ఇంటికి పోయే దారిలో చెరువు కట్ట దాకా అవ్వ ఏమీ మాట్లాడలేదు. అక్కడ ఆగి, “సారు గవన్నీ ఎందుకు రాసుకున్నడు కొడుకా? నా మాటల్ల తప్పులేమన్న పోయినయా?” అంది.