ఆ మడమ బరువు

"పొద్దున్నుంచి కుడి కాలు లేవట్లేదు డాక్టర్ గారూ" అంటూ వాళ్ళ నాన్న పాపని ఎత్తుకునే క్యాజువాలిటీలోకి వచ్చాడు. పదకొండేళ్ళు. జ్వరం లేదు, ఎక్కడా పడలేదు, మోకాళ్ళ మీద సుత్తితో కొడితే రిఫ్లెక్సులు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి.

కుడి మడమ కింద నా అరచెయ్యి పెట్టి నొక్కమన్నా, కదలిక లేదు. సరే తల్లీ ఇప్పుడు ఎడమ కాలు పైకి లేపు అని దాన్ని పైనుంచి ఆపి పట్టుకున్నా, అంతే, అదే కుడి మడమ నా చేతిని మంచానికేసి గట్టిగా అదిమేసింది. 1908లో హూవర్ అనే డాక్టర్ రాసిన టెస్ట్ ఇది. నరాల దారి బాగానే ఉంది, కావాలని కదపబోతేనే కాలు మాట వినట్లేదు.

పక్కనుంచి ఎవరో "యాక్టింగ్ సార్" అన్నారు. పాప వినేసింది. ప్రాణం ఉసూరుమంది నాకు. యాక్టింగ్ కాదు, ఆ కాలు రాకపోవడం తనకి నిజం, అలాగని "ఏం లేదు ఇంటికెళ్ళండి" అనేస్తే ఇంకా భయపడిపోతుంది.

పాప కాలి మీద ఆ టెస్టే మళ్ళీ చేసి వాళ్ళ నాన్నకి కూడా చూపించా, బలం ఉంది, మెల్లగా తిరిగొస్తుంది అని. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత కర్టెన్ లాగి మాట్లాడితే, సోమవారం హాస్టల్‌కి వెళ్ళాలి అని మాత్రం చెప్పింది. ఇంకేం గుచ్చి అడగలేదు. పాప నర్సమ్మ చెయ్యి వదల్లేదు.

న్యూరాలజీకీ, పిల్లల సైకాలజిస్ట్‌కీ రాసిచ్చా. వార్డుకి తీసుకెళ్తుంటే "రేపు కూడా మీరే ఉంటారా" అనడిగింది. ఉంటానన్నా. డ్యూటీ మార్పించుకోవాలి.