పోగు కనపడాలి

ఆదివారం. పొద్దున్నుంచి ముసురు. చౌటుప్పల్‌లో బస్సు దిగి, ఆటో ఎక్కి పుట్టపాక చేరేసరికి పదకొండు దాటింది. పెద్దనాయన మగ్గం మీద తేలియా దుపట్టా (నూనెలో నానిన నూలుతో నేసే ఇక్కత్ బట్ట) సగానికి వచ్చింది, దాని ఫోటోలు తీసి ఇవ్వాలని చెల్లె వారం నుంచి ఫోన్లు చేస్తోంది. వాట్సాప్‌లో అమ్మేది తనే.

చెల్లె టెన్షన్ ఏమిటంటే, ఇంతకుముందు పెట్టిన ఫోటో చూసి ఒకామె "డిజైన్ బ్లర్ అయింది, మంచిది పంపండి" అని రాసిందట. ఆ ఫోటో చూశాను. బ్లర్ మాట నిజమే, కానీ ఎంతవరకు ఫోన్ తప్పు, ఎంతవరకు బట్ట గుణం? ఇక్కత్ అంటే నేయకముందే నూలును రబ్బరు ముక్కలతో కట్టి అద్దకంలో ముంచుతారు. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకుతుంది. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. తేలియాలో పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డం పోగులు) రెండూ ఇలా కట్టి అద్దినవే. అందుకే ఎరుపు ఎక్కడ ఆగి తెలుపు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు ఉండదు. 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని చెప్పే ముద్ర) వచ్చిన బట్ట ఇది, అయినా కొనేవాళ్లు అంచు మసకగా ఉందంటారు! పూవు అంచు మెత్తగా ఉన్నా పక్కనే ఒక్కో పోగు విడిగా కనిపిస్తే చాలు, అనుమానం పోతుంది. కాబట్టి ఇవాళ నాకు కావలసింది పోగు.

మగ్గం గదికి ఒకటే కిటికీ, ఒక ట్యూబ్‌లైట్. నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానిన నూలు వాసన గదంతా. ఫ్లాష్ సంగతి తలపెట్టలేదు. లెన్స్ పక్కనుంచే సూటిగా కొట్టే వెలుతురుకు పోగుల మధ్య సన్నటి నీడలు చచ్చిపోయి నేత అట్టలా కనిపిస్తుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి పాకుతుంది కనుక పోగు లేచి కనిపిస్తుంది.

ట్యూబ్‌లైట్ ఆపేశాను. పెద్దనాయన నవ్వాడు. "లైటు తీసేసినవేంది బిడ్డా? గీ చీకట్ల నీ కెమెరాకు ఏం కనవడ్తది?"

"రెండు వెలుతుర్లు కలిస్తే ఎరుపు ఎరుపులెక్క రాదు పెద్దనాయనా."

అది ఆయనకు వెంటనే ఎక్కింది. రంగు తేడా వస్తే బట్ట వాపసు వస్తుందని ఆయనకు నాకంటే బాగా తెలుసు. తలుపు బార్లా తెరిచి, తెలుపు తెలుపుగానే రావాలని కెమెరాకు తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ పెట్టుకున్నాను.

పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్స్. అపెర్చర్, అంటే లెన్స్ కన్ను, 1.8 దాకా తెరుచుకుంటుంది గానీ అంత తెరిస్తే నేసే వేళ్లు స్పష్టంగా వచ్చి వెనక డిజైన్ కరిగిపోతుంది. కొంచెం మూసి 2.8 దగ్గర పెట్టాను. పెద్దనాయన చేతులు కదులుతుంటాయి కనుక షట్టర్ సెకనులో 1/250 వంతు, అంత తక్కువ వెలుతురుకు ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200 దాకా పోవాల్సి వచ్చింది. నాయిస్, అంటే ఫోటోలో గరుకు, వచ్చింది, రానీ. గింజలు కనిపించినా ఫోటో ఫోటోనే, ఫోటోలో చెయ్యి చెదిరితే మాత్రం ఎవరూ బాగు చేయలేరు.

ఇక్కత్ నేతలో ఫోటోగ్రాఫర్‌కు దొరికే వరం ఒకటుంది. నాడె (పేక పోగును ఈ వైపు నుంచి ఆ వైపుకు తీసుకుపోయేది) పోయాక పెద్దనాయన ఆగుతాడు. పేక మీది రంగు పడుగు మీది రంగుతో సరిగ్గా కలిసిందా లేదా అని వంగి చూస్తాడు, వేలికొసతో పోగును కాస్త లాగి సర్దుతాడు. చెయ్యి నిలిచేది అప్పుడే. నాడె కదిలేటప్పుడు ఊరికే ఉండి, ఆయన వంగినప్పుడల్లా వరసగా నాలుగైదు నొక్కాను.

బట్ట ఒక్కదాన్నే తీసేటప్పుడు ఆ తొందర లేదు. మగ్గం ఆగింది కనుక అదిరేదేమీ లేదు. కెమెరాను స్టూలు మీద, మెత్త మీద ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టాను. షట్టర్ 1/15కి దించితే ఐఎస్ఓ 200 సరిపోయింది. ఒట్టి ఎరుపు మీద ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంది. తెలుపూ నలుపూ కలిసే చోట పాయింట్ పెడితే పట్టుకుంది. ఆ తర్వాత స్క్రీన్ మీద పదింతలు పెద్దది చేసి, పోగులు చూసుకుంటూ చేత్తో రింగ్ తిప్పాను.

చెల్లె తన ఫోన్ నైట్ మోడ్‌తో పోటీకి దిగింది. బట్ట బాగానే వచ్చింది, పెద్దనాయన చేతులకు మాత్రం నీడ వేళ్లు మొలిచాయి, నైట్ మోడ్ కొన్ని ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది కదా. దగ్గరగా చూస్తే ఇంకో సంగతి: నాయిస్ తుడవబోయి పోగులను కూడా తుడిచేసింది. నేసిన దుపట్టా ప్రింటు వేసినట్టు తయారైంది. మొదటి ఫోటోకూ ఇదే జరిగి ఉంటుంది.

భోజనాల తర్వాత చెల్లె నా ఫోటోలు రెండు పంపింది, ఒకటి మొత్తం బట్ట, ఒకటి పోగులు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా. బ్లర్ అన్నామె నుంచి జవాబు లేదు. వేరే ఎవరో ధర అడిగారు. చెల్లె ఐదు వందలు తగ్గించి రాసింది. "ఎవర్నడిగి తగ్గిచ్చినవే?" అని పెద్దమ్మ మొదలుపెట్టింది. నేను బస్సుకు బయల్దేరేటప్పటికి కూడా ఆ గొడవ తెగలేదు.