దోచుకోవడానికి కాదు, కూల్చడానికే

ఇంగ్లిష్ రచయిత గ్రాహం గ్రీన్ 1954 నాటి కథ ‘ది డిస్ట్రక్టర్స్’ చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

యుద్ధం ముగిసిన లండన్. బాంబులు పడి చుట్టుపక్కల ఇళ్లన్నీ పోయాయి. పేరుమోసిన ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్ కట్టాడని చెప్పుకునే ఒక్క పాత ఇల్లు మిగిలింది. ముసలి యజమాని ఊళ్లో లేనప్పుడు కుర్రాళ్ల గ్యాంగ్ ఒకటి దాన్ని లోపలి నుంచి కూల్చడం మొదలుపెడుతుంది. పరుపులో 70 పౌండ్ల నోట్లు దొరికితే జేబులో వేసుకోరు, ఒక్కొక్కటిగా తగలబెడతారు. అక్కడ కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. దొంగతనమైతే కనీసం అర్థమయ్యేది.

నాయకుడు ట్రెవర్ తండ్రి ఒకప్పుడు ఆర్కిటెక్ట్, ఇప్పుడు గుమాస్తా. ఆ ఇంటి మెట్ల అందం ఆ పిల్లాడికి బాగా తెలుసు. తెలిసే కూల్చాడు! పైగా ముసలాయన మీద ద్వేషం లేదంటాడు. మధ్యలో తిరిగొచ్చిన ఆయన్ని పెరట్లోని మరుగుదొడ్లో బంధించి, రాత్రి చలేస్తుందని దుప్పటి, తినడానికి బన్నులు అందిస్తారు. కోపంతో కొట్టినా ఇంత భయం వేసేది కాదేమో.

ఆఖర్న, తాడుతో ఇంటికి కట్టేసిన లారీ కదలగానే ఇల్లు కుప్పకూలితే ఆ లారీ డ్రైవర్ పగలబడి నవ్వుతాడు. నాకు ఆ పిల్లల కంటే అతని మీదే ఎక్కువ కోపం వచ్చింది.