ఎంసీహెచ్ యూరాలజీ ప్రాక్టికల్స్: నేను తప్పిన కేసు, నేర్చుకున్న పని

నిన్న సాయంత్రం ఫలితాలు వచ్చాయి. రెండో ప్రయత్నంలో ఎంసీహెచ్ యూరాలజీ (ఎంఎస్ తర్వాత చేసే, మూత్రవ్యవస్థ శస్త్రచికిత్సల కోర్సు) ప్యాసయ్యాను. అమ్మకు ఫోన్ చేస్తే నాకు మాట రాలేదు. ఆవిడే అవతలి నుంచి "అయిపోయింది కదమ్మా, ఇక పడుకో" అంది. పడుకోలేదు, ఇది రాస్తూ కూర్చున్నాను. ఆరు నెలల కిందట తప్పినప్పుడు, తప్పినవాళ్లు రాసినదేమైనా దొరుకుతుందేమోనని రాత్రంతా వెతికాను. అందరూ ర్యాంకుల గురించి, పుస్తకాల గురించి రాశారు గాని పరీక్ష గదిలో ఎక్కడ కాలు జారిందో ఒక్కరూ చెప్పలేదు. అందుకే నాది చెబుతున్నాను.

థియరీ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పదేళ్ల పాత ప్రశ్నలు తీసి, గడియారం పెట్టుకుని, చేత్తో రాయండి. ప్రతి జవాబులో ఒక బొమ్మ ఉండాలి. నేను రెండుసార్లూ అంతే చేశాను, థియరీ రెండుసార్లూ గట్టెక్కింది.

నా కథంతా లాంగ్ కేసు దగ్గరే, అంటే ప్రాక్టికల్స్‌లో ఒక పేషెంటును పూర్తిగా చూసి ఎగ్జామినర్లకు చెప్పే పరీక్ష.

మొదటి ప్రయత్నంలో నాకు వచ్చినాయన లారీ డ్రైవరు. నలభై రెండేళ్లు. పక్క యూనిట్ పేషెంటు. మూడేళ్లుగా మూత్రధార సన్నబడింది, ముక్కితే గాని రాదు, బయట రెండుసార్లు డైలటేషన్ (మూత్రనాళాన్ని సాగదీసి వెడల్పు చేయడం) చేయించుకున్నాడు. మూత్రధార వేగం కొలిచే యూరోఫ్లో కాగితంలో గరిష్ఠ వేగం సెకనుకు 6 మిల్లీలీటర్లు. గీత కొండలా లేచి దిగకుండా బల్లపరుపుగా సాగింది. ఆర్‌జీయూ ఫిల్మ్ (మందు ఎక్కించి తీసిన మూత్రనాళం ఎక్స్‌రే) వెలుతురుకు పట్టి చూస్తే మియేటస్ (నాళం బయటి రంధ్రం) నుంచి బల్బ్ (నాళం లోపలి ఉబ్బెత్తు భాగం) దాకా నూలుపోగంత దారి. పానుయురెత్రల్ స్ట్రిక్చర్, అంటే మూత్రనాళం పొడవునా సన్నబడిపోవడం. ముందు రోజు రాత్రి చదివిన పాఠమే. ఆ క్షణంలో నేను ప్యాసైపోయాననే అనుకున్నాను.

ఇచ్చిన సమయంలో ముప్పావు వంతు హిస్టరీకే పోయింది. పొట్ట చూశాను, ప్రోస్టేట్ చూశాను, దుప్పటి ఎత్తి మియేటస్ సన్నగా ఉందని గమనించి మళ్లీ కప్పేశాను.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు నెమ్మదైన మనిషి. ఏం చేస్తారని అడిగారు. బక్కల్ మ్యుకోసా గ్రాఫ్ట్‌తో యురెత్రోప్లాస్టీ అన్నాను, అంటే బుగ్గ లోపలి పొర తీసి దానితో మూత్రనాళాన్ని బాగుచేసే ఆపరేషన్. గ్రాఫ్టును వెనకవైపు పరిచే పద్ధతిని 1996లో సర్జన్ బార్బగ్లి చెప్పిన దగ్గర మొదలుపెట్టి, ఒక పక్క నుంచే నాళాన్ని విడదీసి రెండో పక్క రక్తప్రసరణను కాపాడే సర్జన్ కులకర్ణి గారి 2009 పద్ధతి వరకు తడుముకోకుండా చెప్పాను. ఆయన అంతా విన్నారు.

"ఆయన నోరు చూశారా?" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయనే మంచం దగ్గరికి వెళ్లి "నోరు తెరవండి బాబూ" అన్నారు. ఆ మనిషి తెరవగలిగినంత తెరిచాడు. రెండు వేళ్లు పట్టడమే కష్టం. టార్చి వేస్తే బుగ్గలు లోపల రక్తం లేనట్టు పాలిపోయి ఉన్నాయి, తాళ్లు బిగించినట్టు పట్టీలు కనిపించాయి. ఇరవై ఏళ్లుగా గుట్కా అట. సిగరెట్ అడిగాను, మద్యం అడిగాను, గుట్కా మాత్రం అడగలేదు. నేను గ్రాఫ్టు తెస్తానన్న బుగ్గ అది.

"ఇక్కడ దొరకదు. మరి గ్రాఫ్టు ఎక్కడి నుంచి?"

"పురుషాంగం చర్మం తీసుకుంటాను సార్."

ఈసారి ఆయన దుప్పటి పూర్తిగా తీశారు. గ్లాన్స్ (పురుషాంగం కొన) మీద పింగాణీ తెలుపు మచ్చ. ముందు చర్మం దానికి అతుక్కుపోయి ఉంది. లైకెన్ స్క్లెరోసస్. అది చర్మపు జబ్బు. అక్కడి చర్మంతో నాళం కడితే కొత్త నాళంలోకీ అదే జబ్బు వస్తుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు, థియరీ పేపర్లో రాసి వచ్చాను కూడా. కళ్ల ముందున్న మనిషిలో చూడలేదు, అంతే. ఆయన ఇంకేమీ అడగలేదు. మిగతా ముగ్గురూ తలలు వంచి మార్కుల కాగితాలు చూసుకుంటున్నారు.

గంట కొట్టాక నేను కాగితాలు సర్దుకుంటుంటే ఆ డ్రైవరు మెల్లగా అడిగాడు: "అమ్మా, నాకు ఆపరేషన్ అవుతుందా అవదా?" షార్ట్ కేసులు, ఇన్‌స్ట్రుమెంట్లు, ఎక్స్‌రేలు అన్నీ బాగానే చెప్పాను. రాత్రి ఇంటికి వచ్చాక మాత్రం ఆయన ప్రశ్న ఒక్కటే చెవిలో ఉండిపోయింది.

ఎందుకిలా జరిగిందో నిజాయితీగా చెప్పాలి. నేను పని దొంగను కాదు. మా దగ్గర ఆరోగ్యశ్రీ కింద రాళ్ల కేసులు తెల్లారితే మొదలు, చీకటి పడితే ఆఖరు. పీసీఎన్ఎల్ (వీపు నుంచి రంధ్రం చేసి కిడ్నీ రాళ్లు తీసే ఆపరేషన్) పంక్చర్ నా చేతికి బాగా వచ్చు, సీ ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద వెనక క్యాలిక్స్ (కిడ్నీలోని గిన్నెలాంటి గది) కనబడితే సూది ఎక్కడికి పోవాలో నాకు తెలుసు. కానీ నేను ఆడదాన్ని. మగ పేషెంట్లు ఓపీలో సిగ్గుపడతారని, లోకల్ ఎగ్జామినేషన్ జూనియర్ అబ్బాయి చేసి నాకు చెప్పేవాడు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు, నా మీద దయతోనే చేశారు. నేనూ ఒప్పుకున్నాను. రెండేళ్లు గడిచేసరికి అది అలవాటైపోయింది. దుప్పటి ఎత్తి వెంటనే కప్పేసే చెయ్యి నాకు పరీక్ష రోజు వచ్చింది కాదు.

యూరాలజీలోకి వచ్చే అమ్మాయిలకు చెబుతున్నాను, ఆ దయను మొదటి వారంలోనే వద్దనండి. తెర వేయించండి, అటెండరును పక్కన నిలబెట్టుకోండి, ఏం చూడబోతున్నారో పేషెంటుకు ముందే చెప్పండి, తర్వాత మీరే చూడండి. ఆ ఆరు నెలల్లో నేను చూడనివ్వమని అడిగితే కాదన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు.

ఆ ఆరు నెలలూ చేసిన పని ఇదీ. ఓపీ ఉన్న ప్రతి రోజూ ఒక్క పేషెంటును ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా నేనే చూశాను. అతను మూత్రం పోస్తుంటే యూరోఫ్లో గది తలుపు దగ్గర నిలబడి ధార చప్పుడు విన్నాను, ఆ తర్వాతే కాగితం చూశాను. 150 మిల్లీలీటర్ల కంటే తక్కువ పోస్తే ఆ గీతను నమ్మలేమని అందరం చదువుతాం. నీళ్లు తాగించి గంట ఆగి మళ్లీ పోయించేవాళ్లు ఎంతమంది? నేను ఆగాను. రాత్రి ఒక పేజీ రాసేదాన్ని, ఆర్‌జీయూను పెన్సిలుతో గీసేదాన్ని. జ్వరం వచ్చిన రోజూ రాశాను, నైట్ డ్యూటీ రోజూ రాశాను. తీరిక లేదు అనే మాట నేను ఇక ఒప్పుకోను. ఫోను చూసుకోవడానికి తీరిక దొరికినవారికి పేషెంటు నోరు చూడటానికీ దొరుకుతుంది. కటువుగా అనిపిస్తే అనిపించనివ్వండి, తప్పినప్పుడు నాకు ఈ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

ఇన్‌స్ట్రుమెంట్ల గురించి ఒక్క మాట. పేర్లు బట్టీ పట్టకండి, థియేటర్లో సిస్టర్ గారిని బతిమాలి చేత్తో పట్టుకోండి. టెలిస్కోపులోంచి చూసి అది ముప్పై డిగ్రీలదా డెబ్బై డిగ్రీలదా చెప్పగలగాలి. గొట్టాల మందం చెప్పే ఫ్రెంచి కొలతను మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు. 30 ఫ్రెంచి ఆంప్లాట్జ్ షీత్ (పీసీఎన్ఎల్‌లో కిడ్నీలోకి దారిగా పెట్టే గొట్టం) అంటే పేషెంటు నడుములో మీరు చేస్తున్నది సెంటీమీటరు దారి. అది తెలిసి పట్టుకుంటే దాని బరువే వేరు.

రెండో ప్రయత్నంలో లాంగ్ కేసు, నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పోతున్న ఒక పెద్దమ్మ. శ్రీకాకుళం వైపు తీరప్రాంతం. చుట్ట తాగుతారా అని అడిగి ఊరుకోలేదు, అడ్డపొగా (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అని అడిగాను. నవ్వి అవునంది. నోరు తెరిపించి అంగిలి చూశాను, నిప్పు లోపల పెట్టుకున్న మచ్చలు అక్కడున్నాయి. మూత్రాశయ క్యాన్సర్‌కు పొగాకు సంబంధం నేను చెప్పడం మొదలుపెట్టేసరికి ఎగ్జామినరు తల ఊపారు. మిగతాదంతా సాఫీగా జరిగిపోయింది.

ఇప్పుడు ఎంసీహెచ్ ప్రవేశ పరీక్ష అయిన నీట్ ఎస్‌ఎస్‌కు చదువుతున్న ఎంఎస్ మిత్రులకు. 2022 నుంచి ప్రశ్నపత్రం మొత్తం జనరల్ సర్జరీ మీదే కాబట్టి, 150 ప్రశ్నలూ దాటి ఎంసీహెచ్‌లో చేరే నాటికి చాలామంది యూరాలజీ పుస్తకం తెరిచి ఉండరు. అందులో సిగ్గేమీ లేదు. మొదటి ఏడాది సిస్టోస్కోపీ (మూత్రాశయం లోపలికి గొట్టంతో చూడటం), డీజే స్టెంటు (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా పెట్టే సన్న గొట్టం) శ్రద్ధగా చేయండి. రెండో ఏడాది టీయూఆర్‌పీ (మూత్రనాళం గుండా ప్రోస్టేట్‌ను గీకి తీయడం), యూఆర్‌ఎస్ (కిడ్నీ గొట్టంలోని రాళ్లు తీయడం) చేతికి వస్తాయి. రోబో కోసం తొందరపడకండి, అది ఎక్కడికీ పోదు. ఎక్స్‌రే తెర మీద పంక్చర్ రానివారికి జిల్లా పట్టణంలో ప్రాక్టీసు సాగదు. ఫెలోషిప్పు ఏదన్నది మీ చేతికి ఏ ఆపరేషన్‌లో ఓపిక ఎక్కువో చూసి ఎంచుకోండి. నేను రీకన్‌స్ట్రక్టివ్ (దెబ్బతిన్న నాళాలను తిరిగి కట్టే) వైపు దరఖాస్తు చేస్తున్నాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ లారీ డ్రైవరుకు తర్వాత పక్క యూనిట్‌లో పెరీనియల్ యురెత్రాస్టమీ (వృషణాల వెనక మూత్రానికి కొత్త దారి తెరవడం) చేశారు. అడిగి మరీ అసిస్ట్ చేశాను. ముందు రోజు మంచం పక్కన కూర్చుని, ఇక మీదట కూర్చునే పోసుకోవాలని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "లారీలో సీసా పట్టుకుని ఏడవడం కంటే నయమే అమ్మా" అన్నాడు. పోయిన బుధవారం ఓపీకి వచ్చాడు. మూత్రధార వేగం 19. నోరు తెరవమన్నాను. ఇంకా రెండు వేళ్లే. డెంటల్ విభాగానికి చీటీ రాసి, అటెండరును తోడిచ్చి పంపాను.